మాఎస్ట్రో, మెత్ర్, మెస్త్రె... మన మేస్త్రీ కూడా వీళ్ళ చుట్టమేనా?

లియోన్_కుర్రాడు
ఇక్కడ ఫ్రాన్స్‌లో ఫ్లాట్ కొంటున్నాం. నోటరీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఆయన పేరు ముందు పెద్ద ఎం, పక్కన నెత్తి మీదకి చిన్న ఇ. ఇంటిపేరు కాబోలనుకుని ‘మిస్టర్ ఎమ్ఈ గారికి’ అని మెయిల్ కొట్టాను. ఆఫీసంతా నవ్వుకున్నారట. అది ‘మెత్ర్’కి పొట్టి రూపం, లాయర్ల పేర్ల ముందూ నోటరీల పేర్ల ముందూ పెడతారట. స్పానిష్‌లో మాఎస్ట్రో అంటే బడిపంతులు, ఇటలీలో ఆర్కెస్ట్రా నడిపే ఆయన, పోర్చుగీసులో మెస్త్రె. అన్నీ ఒకటేనా? మన మేస్త్రీ కూడానా? ఇంకోటి, గురువారం సంతకాలు. ఎదురుగా ఉన్నప్పుడు ఆయన్ని ఏమని పిలవాలి?

తాపీవారి_అమ్మాయి
మేస్త్రీ అన్న మాట చూసి ఆగిపోయాను. మా నాన్న తాపీ మేస్త్రీ. కాలేజీ ఫారంలో అదే రాస్తే పక్కనున్న పిల్ల “కాంట్రాక్టర్ అని రాయవే, పరువుగా ఉంటుంది” అంది. ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత లిస్బన్‌లో పీజీ చేశాను, అక్కడ దాన్ని మెస్త్రాదు అంటారు. మా హాస్టల్ ఎదురుగా ఇల్లు కడుతున్నారు. ఓ పొద్దున పరంజా మీంచి కుర్రాడు “ఓ మెస్త్రె!” అని కేకేశాడు. కింద ఓ పెద్దాయన తాపీకి అంటిన సిమెంటు ఇటుక అంచుకి గీకుతూ, తలెత్తకుండానే “ఆఁ” అన్నాడు. అచ్చం మా నాన్నే. ఇంకేం రుజువు కావాలండీ?

శబ్దవేధి
కేకలు రుజువు కావమ్మా. ముప్పై ఏళ్ళు భాషాశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, వినండి. మూలం లాటిన్ ‘మాగిస్తెర్’. మాగిస్ అంటే ఎక్కువ. దీనికి ఎదురుమాట ‘మినిస్తెర్’, మినుస్ అంటే తక్కువ. అసలు అర్థం చూస్తే మేస్త్రీయే పెద్ద, మినిస్టర్ నౌకరు. వాడుకలో మధ్యనున్న ‘గ’ అరిగిపోయింది. ఫ్రెంచివాళ్ళు ‘స’ కూడా పలకడం మానేశారు. 1740లో వాళ్ళ అకాడమీ నిఘంటువు ఆ ‘స’ని తీసేసి, ముందున్న అచ్చు నెత్తిన టోపీ పెట్టింది. పోర్చుగీసులో ‘స’ నిలిచింది, ఓడలెక్కి మన దాకా వచ్చింది. 1886 నాటి ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్‌లోనే ఈ సంగతి ఉంది. ఇక చర్చించడానికేం లేదు.

దేవభాష_ప్రియ
భలే! పోర్చుగీసువాళ్ళు రాకముందు మనం ఇళ్ళు కట్టుకోలేదా? రామప్ప గుడి లిస్బన్ మేస్త్రీ వచ్చి కట్టాడా? మహత్, మహిష్ఠ, మేస్త్రి. కళ్ళ ముందున్నది కనబడదు.

శబ్దవేధి
గుడి వేరు, మాట వేరు. కట్టినవాణ్ణి స్థపతి అన్నాం, కాసెవాడు అన్నాం. మాగిస్, మహత్ చుట్టాలే, ఒప్పుకుంటాను. ఇద్దరికీ ఒకే ముత్తాత. అంతమాత్రాన పినతండ్రిని తండ్రి అనం.

బందరు_లడ్డు
పోర్చుగీసే ఎందుకవ్వాలి? మా బందరులో 1600ల్లోనే డచ్చివాళ్ళు దుకాణం పెట్టారు. వాళ్ళకీ ‘మేస్తర్’ ఉంది.

శబ్దవేధి
ఆ మాట డచ్చివాళ్ళూ లాటిన్ నుంచి తెచ్చుకున్నదే. చివర ‘త్రె’ ఉందో ‘తర్’ ఉందో చూసుకోండి. హిందీవాళ్ళ మిస్త్రీ కూడా మీ బందరులోనే ఓడ దిగాడా? కాస్త పుస్తకం తెరిచి మాట్లాడండి.

బందరు_లడ్డు
పుస్తకం సంగతి మీరు నేర్పక్కర్లేదు సార్. రిటైరైనా బెత్తం వదల్లేదు పాపం.

నౌక_ఉద్యోగి
మీరు కొట్టుకోండి గానీ, మార్సెయ్ రేవు బయట ఈ మేస్త్రీగాడి వల్లే మూడు రోజులు వాంతులు చేసుకున్నాను. మిస్ట్రాల్ అనే గాలి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ సీమ మాటలో దాని అర్థం ‘పెత్తందారు గాలి’. రోన్ లోయ వెంట గంటకి 100 కిలోమీటర్లు దాటి కొడుతుంది. ఇటలీవాళ్ళు మాఎస్త్రాలె అంటారు. లియోన్ బాబూ, ఆ రోన్ మీ ఊరి నదే.

పద్యాల_పిచ్చి
మిస్ట్రాల్ అంటే గుర్తొచ్చింది. 1945లో నోబెల్ తీసుకున్న చిలీ కవయిత్రి గాబ్రియెలా మిస్ట్రాల్. అది కలం పేరు. చేసింది పల్లె బడుల్లో పంతులమ్మ ఉద్యోగం, అంటే మాఎస్ట్రా. రెండు పేర్లూ ఒకే మాట!

ఇద్దరు_పిల్లల_తల్లి
పంతులమ్మ అంటే నా గోడు వినండి. పారిస్‌లో మా చిన్నాడు బడిలో టీచర్ని ‘మెత్రెస్’ అంటాడు. ఇంగ్లీషు బాగా వచ్చిన మా ఆడపడుచుతో వీడియో కాల్‌లో “నాన్న నిన్న మా మెత్రెస్‌తో గంట మాట్లాడారు” అన్నాడు. మా ఆయన ఇప్పటికీ సంజాయిషీ చెప్తూనే ఉన్నారు. ఇంగ్లీషు మిస్ట్రెస్‌కి లాగే ఫ్రెంచిలోనూ దానికి ఉంపుడుగత్తె అనే రెండో అర్థం ఉందని తెలిశాక ఆవిడ అసలు నమ్మడం లేదు.

కోరంగి_మనవడు
మీకు మేస్త్రీ అంటే మురిపెం. మా ముత్తాత రంగూన్ బియ్యం మిల్లులో మూటలు మోశాడు. తీసుకెళ్ళింది మేస్త్రీ. ముందు అడ్వాన్సు, ఓడ టికెట్టు, తర్వాత ప్రతి జీతంలోనూ కోత. అప్పు తీరిందో లేదో లెక్క మేస్త్రీ నోట్లోనే ఉండేది. మా నాయనమ్మ ఎవరినైనా తిట్టాలంటే “మేస్త్రీ బుద్ధులు” అనేది.

తాపీవారి_అమ్మాయి
మా నాన్న ఎవరి కూలీ కోయలేదండీ. శనివారం ముందు కూలీలకిచ్చి, మిగిలితే ఇంటికి తెచ్చేవాడు.

కోరంగి_మనవడు
మీ నాన్నగారిని అనలేదమ్మా. మాట ఒకటే, మనుషులు వేరు.

తాపీవారి_అమ్మాయి
అదేనండీ నా బాధ. ఇంగ్లీషు మాస్టర్ నుంచి మేష్టారు, పోర్చుగీసు మెస్త్రె నుంచి మేస్త్రీ. ఒకే మాట రెండు ఓడల్లో వచ్చింది. ఒకరికేమో కుర్చీ వేసి “రండి మేష్టారూ” అంటాం. ఇంకొకరికి గేటు దగ్గరే గ్లాసు మార్చి టీ ఇస్తాం.

దేవభాష_ప్రియ
ఈ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. మూలం సంస్కృతమే అయినా.

లియోన్_కుర్రాడు
అందరికీ నమస్కారం. రేపే గురువారం. ఇంతకీ ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
“బోంజూర్ మెత్ర్” అనండి, చాలు. ఆ సీట్లో ఆడమనిషి ఉన్నా మెత్ర్ అనే అనండి, పొరపాటున మెత్రెస్ అనకండి.

బందరు_లడ్డు
డచ్చి సంగతి ఇంకా తేలలేదు.