గ్లూకోజ్‌కి 36 ఏటీపీలా, 32 ఆ? ఎవరైనా చెప్పండి ప్లీజ్

బైపీసీ బాధితురాలు
సాయంత్రం నుంచి ఈ ఒక్క లెక్క మీదే కూర్చున్నా. గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) వస్తాయి? ఎలా చేసినా 36 వస్తోంది. ఆన్సర్ కీలో 32 ఉంది. నోట్సులో 38. యూట్యూబ్‌లో ఒకాయన 30 అంటాడు. కీ తప్పా?

కొల్లేటి కొంగ
ఏ కణం?

బైపీసీ బాధితురాలు
ఏ కణమైతే ఏంటండీ, గ్లూకోజ్ గ్లూకోజే కదా!

రిటైర్డ్ మాస్టారు
అమ్మాయీ, ఏటీపీ ఏటీపీ అంటున్నావు గానీ, దాన్ని కనుక్కున్నవాళ్లలో మనవాడున్నాడని మీ లెక్చరర్లు ఎప్పుడైనా చెప్పారా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ముందు ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. పుస్తకాలకి ఆయనే గుర్తుంటాడు. మనవాడికి నోబెల్ సరే, మీ బిట్ పేపర్లో ఒక బిట్టు కూడా రాదు.

కొల్లేటి కొంగ
మాస్టారూ, ఆ అమ్మాయి అడిగింది లెక్క.
గ్లైకాలసిస్‌లో, అంటే గ్లూకోజ్ విరిగే మొదటి దశలో, వచ్చే 2 ఎన్ఏడీహెచ్‌లు (ఎలక్ట్రాన్లు మోసే అణువులు) మైటోకాండ్రియాలోకి నేరుగా పోలేవు. ఎలక్ట్రాన్లను షటిల్ చేరవేస్తుంది. గుండె, కాలేయంలో మాలేట్ షటిల్, నష్టం లేదు. అస్థి కండరంలో గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్, అవి తక్కువ ఏటీపీలిచ్చే ఎఫ్ఏడీహెచ్2 లెక్కకి పడిపోతాయి. అందుకే అడిగా.

బైపీసీ బాధితురాలు
ప్రశ్నలో "కాలేయ కణంలో" అని ఉందిలెండి, ఊరికే రాశారనుకున్నా. అయితే 38 రావాలిగా? ఇంకా దూరం పోయింది!!

కొల్లేటి కొంగ
ఎన్ఏడీహెచ్‌కి 3, ఎఫ్ఏడీహెచ్2కి 2 ఏటీపీలు అనేది పాత లెక్క. 2.5, 1.5 వేయి.
10 ఎన్ఏడీహెచ్‌లు, 2 ఎఫ్ఏడీహెచ్2లు, నేరుగా వచ్చే 4 ఏటీపీలు: 10×2.5 + 2×1.5 + 4 = 32.

సోడాబుడ్డి
ఆ 2.5 ఎక్కడిదంటే: ఒక ఎన్ఏడీహెచ్ వల్ల 10 ప్రోటాన్లు మైటోకాండ్రియా లోపలి పొర దాటతాయి, ఒక ఏటీపీకి 4 ఖర్చు. ఎఫ్ఏడీహెచ్2కి 6 మాత్రమే. పొరలోంచి కొన్ని ఊరికే కారిపోతాయి కూడా, కాబట్టి బతికున్న కణంలో 32 కూడా అత్యాశే. ఇంకోటి, ఏటీపీ గురించి "అధికశక్తి బంధం తెగి శక్తి వస్తుంది" అని మాత్రం రాయకు. బంధం తెంచాలంటే శక్తి పెట్టాలి.

రిటైర్డ్ మాస్టారు
ఇన్నేళ్లూ మేం అలాగే చెప్పాం బాబూ. పిల్లలు డాక్టర్లయ్యారు.

సోడాబుడ్డి
అయ్యారు సార్, కాదనను. కానీ కొత్తగా ఏర్పడే బంధాలు, విడిపోయిన ఫాస్ఫేట్ స్థిరత్వం, ఇవన్నీ కలిపితే మిగిలేది మోల్‌కి 30.5 కిలోజౌళ్లు. తెగడం వల్ల కాదు.

బైపీసీ బాధితురాలు
32 వచ్చేసింది. థాంక్స్ కొంగ గారూ. రేపు ఫిజిక్స్, ఉంటా.

రిటైర్డ్ మాస్టారు
సోడాబుడ్డి గారూ, పరీక్షలో మీరు చెప్పినట్టు రాస్తే మార్కులు ఎవరేస్తారు?