షటిల్ ఆడేవాళ్లం, పాడెల్‌లో గోడకి తగిలితే ఔటా కాదా?

ఇజీనగరం షటిల్:
అందరికీ నమస్కారం. మేం నలుగురం విజయనగరంలో షటిల్ డబుల్స్ ఆడతాం. వచ్చే ఆదివారం విశాఖ వెళ్లి పాడెల్ (చుట్టూ గోడలున్న కోర్టులో టెన్నిస్‌లా ఆడే ఆట) ఆడదామని అనుకుంటున్నాం. రూల్సు దగ్గరే తేడాలొస్తున్నాయి. సర్వీసు బాక్సులో పడ్డాక పక్క మెష్‌కి (ఇనప జాలీకి) తగిలితే ఫాల్టా? స్మాష్ నేరుగా వెనక గ్లాసుకి తగిలితే పాయింటెవరిది? మన గ్లాసుకి మనమే కొట్టి బంతిని అవతలికి పంపొచ్చా? 40-40 అయితే ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గాజుగోడ:
గల్లీ క్రికెట్‌లో వన్‌పిచ్ క్యాచ్ గుర్తుందా? ఇక్కడా పిచ్చే ముఖ్యం. మీరు కొట్టిన బంతి ముందు అవతలివాళ్ల నేల మీద పిచ్ పడాలి. పడ్డాక గ్లాసుకి తగిలినా మెష్‌కి తగిలినా ఆట నడుస్తూనే ఉంటుంది, రెండో పిచ్ పడేలోగా వాళ్లు తియ్యాలి. పిచ్ పడకుండా నేరుగా గోడకి తగిలితే కొట్టినవాళ్ల పాయింటు పోయింది. మీ స్మాష్ లెక్క అదే. షటిల్ కాక్ గాల్లోనే వేగం చంపుకుంటుంది, ఈ బంతి చంపుకోదు. అందుకే షటిల్ బలంతో కొడితే నేరుగా వెనక గ్లాసుకే పోతుంది.

సర్వీసు ఒక్కదానికే మెష్ రూలు వేరు. బాక్సులో పడ్డాక గ్లాసుకి తగిలితే మంచి సర్వీసు. రెండో పిచ్ పడకముందే మెష్‌కి తగిలితే ఫాల్టు. కొలతలు చూస్తే ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే నెట్ నుంచి వెనక గోడకి 10 మీటర్లు. పక్క గోడలో వెనకవైపు 4 మీటర్లే గ్లాసు, నెట్ వైపు 6 మీటర్లూ మెష్. సర్వీసు గీత నెట్‌కి 6.95 మీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి పక్కకి వేసే సర్వీసు పొట్టిగా పడితే మెష్‌కే పోతుంది. గీత దగ్గరగా లోతుగా వేస్తే లేచి గ్లాసుకి తగులుతుంది, అవతలివాళ్లకి తియ్యడం కష్టం.

సర్వీసు వేసేటప్పుడు గీత వెనక నిలబడి, బంతిని నేల మీద ఒకసారి కొట్టి, లేచిన బంతిని నడుము ఎత్తులోగానీ కిందగానీ ఉండగా కొట్టాలి. ఒక కాలైనా నేల మీదుండాలి. ఎదురు మూల బాక్సులోకి వెయ్యాలి, రెండు ఛాన్సులుంటాయి. బ్యాటు ఊపి బంతి తగలకపోయినా ఒక ఛాన్సు పోయినట్టే.

మన గ్లాసుకి కొట్టి అవతలికి పంపొచ్చు, అది పూర్తిగా రూలే. మన మెష్‌కి తగిలితే మాత్రం పాయింటు పోతుంది. ఈ తేడా రాసి పెట్టుకోండి, సగం తగువులు దీని దగ్గరే.

నాగావళి ఒడ్డు:
పైన చెప్పినదాంట్లో ఒకటి కలపాలండి. సర్వీసు నెట్‌కి తాకి బాక్సులో పడితే లెట్, మళ్లీ వెయ్యాలి. అలా తాకి పడి మెష్‌కి తగిలితే మాత్రం లెట్ కాదు, ఫాల్టే. షటిల్ వాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇంకోటుంది: సర్వీసుని గాల్లోనే తీసెయ్యడం. ఇక్కడ పిచ్ పడనివ్వాల్సిందే. తర్వాత నుంచి వాలీ, అంటే పిచ్ పడకుండా గాల్లోనే కొట్టడం, ఎంతైనా ఆడుకోవచ్చు.

లెక్క టెన్నిస్‌దే: 15, 30, 40, గేము. ఆరు గేములకి సెట్టు, రెండు గేముల తేడా ఉండాలి. 6-6 అయితే 7 పాయింట్ల టైబ్రేక్, అక్కడా రెండు తేడా. 40-40 దగ్గర వరసగా రెండు గెలవాలన్న పాత పద్ధతి ఉంది, ఒక్క పాయింటుతో తేల్చే గోల్డెన్ పాయింటూ ఉంది. గోల్డెన్ పాయింట్‌లో సర్వీసు ఏ వైపు తీసుకోవాలో ఎదుర్కొనే జోడీయే ఎంచుకుంటుంది. కోర్టు గంట లెక్కన తీసుకుంటారు కాబట్టి మీకు గోల్డెన్ పాయింటే మేలు. ఆట మొదలెట్టకముందే నలుగురూ అనుకోండి.

ఆటలో ఉండగా బ్యాటుగానీ ఒళ్లుగానీ నెట్‌కి తగిలితే పాయింటు పోతుంది. బ్యాటుకున్న తాడు మణికట్టుకి వేసుకోవాల్సిందే. బ్యాటు చేతిలోంచి జారితే పక్కనున్నవాళ్ల ముఖానికే.

ఇజీనగరం షటిల్:
చాలా థాంక్సండి. వెనక గ్లాసుకి తగిలి వచ్చే బంతి ఎలాగ తియ్యాలో కూడా చెప్తారా?

అడ్డగోడ:
ఏటంటే, షటిల్ వాళ్లకి బంతి తమని దాటిపోతే పాయింటు పోయిందనిపిస్తుంది. అందుకే గాల్లోనే బేగి కొట్టేస్తారు. పాడెల్‌లో దాటనివ్వాలి. బంతి మిమ్మల్ని దాటుతుండగా పక్కకి తిరిగి, దాంతోపాటు వెనక్కి రెండడుగులు వెయ్యండి. బ్యాటు అప్పటికే వెనక, కిందుండాలి. గ్లాసుకి తగిలి వస్తున్నప్పుడు దాంతోపాటే ముందుకి రండి. మోకాలికీ నడుముకీ మధ్యకి దిగాక, మీకు కాస్త ముందున్నప్పుడు కొట్టండి. మణికట్టు విసరొద్దు, భుజంతో నెట్టండి. గ్లాసుకి ఆనుకుని నిలబడితే చెయ్యి ఊపడానికి చోటుండదు.

బంతి గోడకి దూరంగా, వేగంగా పిచ్ పడితే గ్లాసు మీంచి చాలా ముందుకొస్తుంది. గోడ మొదట్లోనే పడితే అక్కడే కూలబడుతుంది, అలాంటప్పుడే మన గ్లాసుకి కొట్టి పంపడం పనికొస్తుంది. వాన పడ్డాక గ్లాసు తడిగా ఉంటే బంతి జారి చచ్చిపోతుంది, ముందు తుడవండి.

పాడెల్ బ్యాటు పొడవు 45.5 సెంటీమీటర్లు దాటకూడదు, షటిల్ బ్యాటుకన్నా దాదాపు జానెడు పొట్టి. ఆ జానెడుకి ఒక అడుగు ఎక్కువ వెయ్యాలి, లేకపోతే బంతి బ్యాటు కొసకి తగులుతుంది.

కోర్టు దొరకని రోజున సిమెంటు నేలున్న ప్రహరీ గోడ చాలు. నేల నుంచి 88 సెంటీమీటర్ల ఎత్తున సుద్దతో గీత గీయండి, నెట్ మధ్య ఎత్తు అంతే. ఏడు మీటర్ల దూరం నుంచి ఆ గీత పైకి సర్వీసులు వెయ్యండి. తర్వాత గోడ వైపు వీపు పెట్టి నిలబడండి. ఎదుటి మనిషి విసిరిన బంతి పిచ్ పడి, గోడకి తగిలి వచ్చాక తియ్యండి. పాత టెన్నిస్ బంతి వాడండి. పాడెల్ బంతిలో గాలి టెన్నిస్ బంతికన్నా కాస్త తక్కువ, కొత్త టెన్నిస్ బంతయితే మరీ ఎగురుతుంది.