ఊదా జెల్ నీలంగా మారింది, సిగ్నల్ మీదా అనుమానమే

ప్రశ్న: బాక్టీరియోరోడాప్సిన్‌ని (లైటు పడితే ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను, ఒకవైపు నుంచి ఇంకోవైపుకి తోడే ఊదా ప్రొటీన్) పాలీయాక్రిలమైడ్ జెల్‌లో పలచటి పొరగా పోస్తున్నాను. ప్రొటీన్ అంతా ఒకే వైపు తిరగడానికి కరెంటు పెడతాం కదా, ఉప్పు ఉంటే అప్పుడు వేడెక్కుతుందని, శాంపిల్‌ని ముందే కేటయాన్ రెసిన్ (ప్లస్ చార్జి ఉన్న అయాన్లను పట్టేసే పదార్థం) గుండా పోనిచ్చాను. ఊదాగా ఉన్నది కాస్తా కళ్లముందే నీలమైపోయింది. అలాగే జెల్ పోశాను. లైటు వేస్తే చిన్న విద్యుత్ సిగ్నల్ వస్తోంది గానీ నమ్మబుద్ధి కావట్లేదు. ప్రొటీన్ పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పోలేదండీ. ఆ ప్రొటీన్ ఉండే కణపొరకి ఊదా రంగు నిలవాలంటే దాన్ని అంటిపెట్టుకుని కాల్షియం, మెగ్నీషియం లాంటి అయాన్లు ఉండాలి. మీ రెసిన్ వాటిని లాగేసింది. అందుకే 568 నానోమీటర్ల దగ్గర ఉండాల్సిన, కాంతిని పీల్చుకునే శిఖరం 605 వైపు జరిగింది. pH 3 కంటే కిందికి దిగినా ఇదే తంతు. నీలం రూపం ప్రోటాన్లను తోడదు కాబట్టి ముందు రంగు సంగతి చూడండి. జెల్‌ని బాగా పలచటి మెగ్నీషియం క్లోరైడ్‌లో నానబెట్టండి. నేనైతే రెసిన్ జోలికే వెళ్లను. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు కడిగితే సరిపోతుంది.

ప్రశ్న: నానబెట్టాను. అంచుల నుంచి ఊదా రంగు మెల్లగా లోపలికి పాకింది, చూడముచ్చటగా ఉంది! సిగ్నల్ మాత్రం మారలేదు. జెల్‌ని తిరగేసినా అదే దిశ.

జవాబు: తిరగేస్తే దిశ కూడా తిరగబడాలి. తిరగబడలేదంటే అది ప్రొటీన్ ఇస్తున్నది కాదు, లైటు ఎలక్ట్రోడ్ మీద పడి వస్తున్నది. ఎలక్ట్రోడ్‌కి నీడ కల్పించి మళ్లీ చూడండి. అసలు లోపం వేరే ఉందనుకుంటున్నా. ఈ కణపొర ముక్కలు అర మైక్రాన్ వెడల్పు, 5 నానోమీటర్ల మందం ఉంటాయి. ఒక్కోటి ఒకే వైపుకి తోడుతుంది. సగం అటు, సగం ఇటు తిరిగి ఉంటే లెక్క సున్నా. జెల్ గట్టిపడకముందే ఫీల్డ్ (వాటిని ఒకే వైపు తిప్పే కరెంటు) ఆపేశారా?

ప్రశ్న: అవునండీ. టెమెడ్ (జెల్‌ని త్వరగా గట్టిపరిచే రసాయనం) తక్కువ వేశాను, ఎంతకీ గట్టిపడలేదు. విసుగొచ్చి ఆపేశాను.

జవాబు: దొరికింది. ఫీల్డ్ ఆపగానే ముక్కలు మళ్లీ ఇష్టమొచ్చినట్టు తిరిగిపోతాయి. అలాగని గంటలకొద్దీ ఉంచితే అన్నీ ఒక ఎలక్ట్రోడ్ వైపు కొట్టుకుపోతాయి. టెమెడ్ పెంచి త్వరగా గట్టిపడేలా చూసుకోండి, గట్టిపడ్డాకే ఫీల్డ్ తీయండి.

మరొకరు: ప్లస్ వైపు ఏదో తెలిసేలా జెల్ మూలన చిన్న గాటు పెట్టండి. నేను పెట్టక, ఏది పైనో తెలియక రెండు జెల్స్ పారేశాను.