మకరిలో కరి

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఈసారి గజేంద్ర మోక్షం వచ్చింది. ఏనుగు తేలిగ్గానే కుదిరింది, మొసలి దగ్గర ఆగిపోయాను. పోతన గారి పద్యంలో ఉన్న మాట ‘మకరి’. మకరి అంటే మొసలే కదా అని మంజీర ఒడ్డున ఎండకు పడుకున్న మొసళ్ల ఫొటోలు ముందు పెట్టుకుని నాలుగైదు స్కెచ్‌లు వేశాను. అన్నీ సైన్సు పుస్తకంలో బొమ్మల్లా వచ్చాయి. మా ఇంట్లో దేవుడి వెనక ఇత్తడి మకర తోరణం ఉంది. అందులో మకరం వేరే జంతువు. నోరు మొసలిదే, కానీ పైన తొండం ఉంది, తోక తీగలు తీగలుగా చుట్టుకుపోయింది. ఏది వేయాలి? కథ అందరికీ తెలుసు. తెలిసిన కథలోనే పిల్లలు ఆగి చూసేది ఏదో ఒకటి బొమ్మలో ఉండాలని నా ఆశ. పద్యం ఇది:

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు లదరిపడన్

ఒక సభ్యుని జవాబు

మకరం అంటే మొసలే అండీ, సందేహం అక్కర్లేదు. హిందీలో మగర్ అన్నా, ఇంగ్లీషువాళ్లు మన మంచినీటి మొసలిని మగ్గర్ అన్నా మూలం ఈ మాటే. మొసలినే వేయండి. తొండం పెడితే పిల్లలు తికమక పడతారు.

మరొక జవాబు

అమ్మా, నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఈ పద్యం తరగతిలో చాలాసార్లు చెప్పాను. మీ ప్రశ్న చదివాక మళ్లీ తీసి చూశాను. మీరు రెండు బొమ్మల మధ్య ఆగడం మంచిదే అయింది.

పద్యాన్ని ఒకసారి పైకి చదివి లెక్కపెట్టండి. ‘కరి’ నాలుగుసార్లు వస్తుంది, ‘మకరి’ నాలుగుసార్లు వస్తుంది. మొదటి పాదంలో ఒక్కొక్కటి, రెండో పాదంలో ఒక్కొక్కటి, మూడో పాదంలో రెండేసి. వెయ్యేళ్లు తెగని పోరు కదా, తూకం వేసి పంచినట్టు ఉంది. ఇక మూడో పాదం: కరికి మకరి, మకరికిఁ గరి. మధ్యలో ఒక గీత గీసి చూడండి. ఈ వైపు ఉన్నదే ఆ వైపు తిరగబడి ఉంటుంది, నీళ్లలో నీడ పడ్డట్టు.

అన్నిటికంటే పెద్ద విషయం చెవికి ముందే తెలుస్తుంది. మకరిలో కరి ఉంది. ‘మ’ తీసేస్తే మిగిలేది ఏనుగే. వ్యుత్పత్తి చూస్తే రెండూ వేరు మాటలు. కరము, అంటే తొండం, కలది కాబట్టి కరి. మకరం సంగతి వేరు. అయినా పద్యం చెవితో వినేది. పోతన గారు ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి ఒకదానిలోంచి ఒకటి లాగుతున్నారు. చివరకు పోట్లాటకు వాడిన ‘కరకరి’లో కూడా కరి దూరింది.

ఇప్పుడు మీ ఇంటి తోరణం చూడండి. మాటలో ‘మకరి’ కరిని దాచుకున్నట్టే, శిల్పి చెక్కిన మకరం తొండాన్ని దాచుకుంది. అందుకే నా మాట: తొండం ఉన్న మకరాన్నే వేయండి. ఏనుగు నీళ్లు తాగడానికి వంగుతుంది. నీళ్లలో తొండం ఉన్న ముఖం కనిపిస్తుంది. తన నీడే అనుకుంటుంది. తల పక్కకు తిప్పుతుంది, నీడ తిప్పదు. ఆ ఒక్క బొమ్మతో పిల్లవాడి చెయ్యి పేజీ మీద ఆగిపోతుంది.

భాగవతం మూలంలో ఈ జంతువుకు ఎక్కువగా కనిపించే పేరు గ్రాహం. పట్టుకునేది అని అర్థం. చేసే పనిని బట్టి వచ్చిన పేరు, అందులో రూపం లేదు. తెలుగులో మకరి అనేసరికి రూపం వచ్చింది. గంగమ్మ ఎక్కే మకరం, వరుణుడి వాహనం, మన్మథుడి జెండా మీది మకరం, దేవుడి చెవుల మకర కుండలాలు, అన్నీ ఆ ఒక్క మాట వెంట నడిచి వస్తాయి. ‘మొసలి’ అంటే ఇవేవీ రావు. వేమన ‘నీళ్ళలోన మొసలి’ అన్నప్పుడు ఆయనకు కావలసింది నిజం జంతువే. నీళ్లలో ఏనుగును పట్టేదే బయటికొస్తే కుక్కకు కూడా లోకువ. అక్కడ తొండం పెడితే పద్యం చెడిపోతుంది. ఇక్కడ తొండం తీసేస్తే, నా దృష్టిలో, సగం పోతుంది.

ఆమె

మాస్టారూ, మాటలో ఏనుగు దాగి ఉందని ఎప్పుడూ అనుకోలేదు. రాత్రి నిద్ర పట్టలేదు, లేచి స్కెచ్ వేశాను. ఒక చిక్కు వచ్చింది. తొండం పెట్టేసరికి మకరి ముఖం మెత్తగా, దాదాపు మంచిదానిలా కనిపిస్తోంది. కోరలు పెంచి, కళ్లు ఎర్రగా చేస్తే రాక్షసుడి బొమ్మ అయిపోతోంది. రెండూ నచ్చలేదు.

జవాబు

కోపం వద్దమ్మా. కోపం ఏనుగుది. మకరిది పట్టు. అదే ఘట్టంలో ‘పాదద్వంద్వము నేల మోపి పవనున్ బంధించి’ అని మొదలయ్యే పద్యం తీయండి. మొసలిని ఎవరితో పోల్చారో చూడండి: ‘యోగీంద్రు మర్యాదన్ నక్రము విక్రమించె’. రెండు పాదాలూ నేల మీద ఆన్చి, ఊపిరి బిగబట్టి, ఇంద్రియాల అల్లరి అణిచి, బ్రహ్మపదాన్ని పట్టుకున్న యోగిలా అది ఏనుగు కాలు పట్టుకుంది. ఇక్కడ మాట నక్రము, మకరి కాదు. విక్రమించె, నిర్వక్రమై అన్న ‘క్ర’ల మధ్య నక్రం తప్ప ఇంకొకటి ఇమడదు. ఊపిరి బిగబట్టి నీటి అడుగున చాలాసేపు కదలకుండా ఉండడం నిజం మొసలి స్వభావం కూడా. కవి దాన్ని చూసి ప్రాణాయామం అన్నాడు. కాబట్టి కళ్లు సగం మూసి వేయండి. పైన ఏనుగు నీళ్లు చిమ్ముతూ, ఘీంకరిస్తూ అల్లకల్లోలం. కింద నిశ్శబ్దం.

దానికి శత్రువు ముఖం కుదరకపోవడం సహజమే. వెనకటి జన్మలో అది హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపంతో అలా అయింది. ఏనుగు ఇంద్రద్యుమ్నుడు, పాండ్య రాజు, అగస్త్యుడి శాపంతో అలా అయ్యాడు. ఇద్దరూ తమది కాని ఒంట్లో ఇరుక్కున్నవాళ్లే. గంధర్వుడి చెవికి ఒక మకర కుండలం పెట్టి, చివరి పేజీ దాకా మకరి చెవికి దాన్ని అలాగే ఉంచితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లలు రెండోసారి తిప్పినప్పుడు వాళ్లే కనిపెడతారు.

ఇంకొక సభ్యురాలు

నాలుగో పాదం వదిలేశారు. ‘అతల కుతల భటులు’ అన్నారు కదా. కు అంటే భూమి, కుతలం భూతలం. అతలం కింది లోకం. అంటే పోరు చప్పుడు పైనా కిందా వినిపించి అందరూ అదిరిపడ్డారు. మనం రోజూ అనే ‘అతలాకుతలం’ ఇక్కడ చెవిలో మోగకుండా ఉంటుందా? బొమ్మ వేసేవారికి ఇదొక చూపు కూడా. అందరూ ఈ కథను ఒడ్డు మీద నిలబడి చూస్తారు. మీరు ఒక పేజీ మడుగు అడుగు నుంచి, అతలం భటుడి కళ్లతో చూపించండి. పైకి చూస్తే స్తంభాల్లా నాలుగు కాళ్లు, ఒక కాలికి చుట్టుకున్న నల్లటి ఆకారం.

మొదట జవాబిచ్చిన సభ్యుడు

నేను తొందరపడి చెప్పాను. నక్రము, గ్రాహము, మకరి, మొసలి అన్నీ ఒకటే అనుకున్నాను. ఒక పద్యం నేనూ చేరుస్తాను. చక్రం వచ్చి మకరి తల ఖండించాక పోతన గారు అంటారు: ‘మకర మొకటి రవిఁ జొచ్చెను, మకరము మఱియొకటి ధనదు మాటున డాఁగెన్’. ధనదుడంటే కుబేరుడు. మిగిలిన మకరాలు సముద్రంలో ఆది కూర్మం చాటుకు పోయాయట. రాశుల్లో మకరం, కుబేరుడి నవనిధుల్లో మకరం, సముద్రంలో మకరాలు, ఒక్క చక్రానికి పేరున్న ప్రతి మకరమూ భయపడింది. ఏటా సూర్యుడు మకరంలో ప్రవేశిస్తే మనం సంక్రాంతి చేసుకుంటాం. ఇక్కడ మకరమే వెళ్లి సూర్యుడిలో దూరింది. ఇది ‘మొసలి’ అనే మాటతో చెప్పడం కుదరదు, ఒప్పుకుంటున్నాను.

ఆమె

ఇది రెండు పేజీల బొమ్మ! ఒక మూల సూర్యుడిలోంచి బయటికి కనిపించే తోక, ఇంకో మూల కుబేరుడి బొజ్జ వెనక నక్కిన తొండం, కింద తాబేలు చిప్ప కింద బిక్కుబిక్కుమంటూ పిల్ల మకరాలు. అన్నిటికీ చెవి పోగులు వేరువేరుగా పెడతాను. మధ్యలో మడుగు ఖాళీగా, నీళ్లు తేరుకుంటూ. పిల్లలకు అర్థమయ్యేలా పద్యం కూడా అచ్చు వేయాలనుకుంటున్నాం. అరసున్నలు (ఁ గుర్తులు) తీసేసి వేద్దామని మా వాళ్లు అంటున్నారు, చదవడానికి తేలికని.

జవాబు

ఈ ఒక్క పద్యంలో మాత్రం తీయనివ్వకండమ్మా. ‘కరిఁ దిగుచు’ అంటే కరిని తిగుచు. తిగుచు అంటే లాగు. ముందు ద్రుతం, అంటే ‘కరిన్’లోని ‘న్’, ఉండడం వల్ల ‘తి’ ‘ది’ అయింది. అరసున్న తీసేస్తే ఈనాటి పిల్లవాడు ‘కరి దిగుచు’ అని చదివి ఏనుగు మడుగులోకి దిగుతోంది అనుకుంటాడు. మా క్లాసులో ఎన్నోసార్లు అలాగే అన్నారు. మొదటి పాదంలో అరసున్న కరి మీద ఉంది, కాబట్టి లాగబడేది ఏనుగు. రెండో పాదంలో అది మకరి మీదికి మారింది, ఇప్పుడు లాగబడేది మకరి. ఎవరు ఎవరిని లాగుతున్నారో చెప్పేది ఆ చిన్న గీతే. పేజీ మీద దాన్ని కాస్త పెద్దదిగా, నీళ్ల రంగులో వేయండి.

ఆమె

అలాగే మాస్టారూ. మొదటి పాదం ఎడమ పేజీలో నీళ్ల వైపుకి, రెండో పాదం కుడి పేజీలో ఒడ్డు వైపుకి వాలేలా అక్షరాలు నేనే చేత్తో రాస్తాను.