చికెన్ గున్యా కాదు, చికున్‌గున్యా

"చికెన్ గున్యా అని రాస్తే తప్పా? దీనికి తెలుగు మాట ఏమైనా ఉందా?" అని నిన్న గ్రూపులో అడిగారు కదా. కాస్త వివరంగా చెప్తాను.

ఈ పేరులో కోడి లేదు. ఇది ఇప్పటి టాంజానియా ఆగ్నేయ మూలన ఉండే మకోండే తెగ వాళ్ళ మాట. 1952లో అక్కడ ఈ జ్వరం ప్రబలింది. కీళ్ళ నొప్పులకు నిటారుగా నిలబడలేక మనుషులు మెలితిరిగి వంగిపోతుంటే ఆ వంగిపోవడాన్నే పేరు చేశారు.

2006లో అది మా ఊరిని చుట్టేసినప్పుడు అమ్మమ్మ "వేళ్ళు కొంకర్లు పోయాయిరా" అనేది. మంచినీళ్ళ గ్లాసు పట్టు దొరక్క, రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది. మకోండే మాటకు ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు తోచడం లేదు.

ఆ రోజుల్లో మా వీధిలో చాలామంది పేరు చూసి చికెన్ మానేశారు. పెరట్లో దోమలు పెరిగే నీళ్ళ తొట్టికి మాత్రం మూత వెయ్యలేదు, మా ఇంట్లో కూడా. అందుకే ఈ స్పెల్లింగు నాకు చిన్న విషయం కాదు.

ప్రశ్న: 2007లో ఇటలీలో కూడా వచ్చిందట కదండీ. అంత దూరం ఎలా వెళ్ళింది?

జవాబు: దోమ ముందు వెళ్ళిందండీ, జబ్బు తర్వాత. కాళ్ళ మీద తెల్ల చారలుండే పులిదోమ మన ఆసియాదే. పాత టైర్లలో నిలిచిన నీటికి కాస్త పైన, లోపలి గోడకు గుడ్లు పెడుతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ వాననీళ్ళు తగిలితే పిల్లలవుతాయి. అలా సెకండ్‌హ్యాండ్ టైర్లతో ఓడలెక్కి ఖండాలు దాటింది. ఇటలీలో మొదట 1990లో జెనోవా అనే ఓడరేవు నగరంలో కనిపించింది.

2005-06లో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో మూడోవంతు జనానికి పైగా చికున్‌గున్యా వచ్చింది. అక్కడ వైరస్‌లో జరిగిన ఒక్క చిన్న మార్పుతో అది పులిదోమ ఒంట్లో తేలిగ్గా పెరగసాగింది. మరుసటి ఏడాది మన దేశం నుంచి వెళ్ళిన ఒక ప్రయాణికుడికి కాస్టిల్యోనె ది చెర్వియా అనే ఇటలీ పల్లెలో జ్వరం వచ్చింది. దోమ అప్పటికే అక్కడ కాపురం పెట్టేసి ఉంది. ఆ పల్లెలోనూ చుట్టుపక్కలా 200 మందికి పైగా మంచాన పడ్డారు.

ప్రశ్న: అయితే 'కొంకర్ల జ్వరం' అనేద్దామా?

జవాబు: మాట్లాడేటప్పుడు హాయిగా అనొచ్చు. రాతలో మాత్రం 'చికున్‌గున్యా' ఉంచుదాం, మందుల చీటీలో ఉన్నదీ పేపర్లో చదివేదీ ఒకటే అని జనానికి తెలియాలి. 2006లో మీ ఊళ్ళో దీన్ని ఏమనేవారో కూడా రాయండి.