వీహెచ్ఎస్ క్యాసెట్లకు ఫంగస్: ప్లే చేసే ముందు ఏం చేయాలి?

ప్రశ్న:
సేకరణ కోసం తీసుకున్న పాత వీహెచ్ఎస్ క్యాసెట్లలో కొన్నిటికి, క్యాసెట్ మీదుండే పారదర్శక కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. దుమ్మా, ఫంగసా? ఒకసారి ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తే రాలిపోతుందా?

జవాబు:
దయచేసి శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టకండి. చుట్ట పక్కవైపు తెల్లగా చుక్కలో చారలో ఉంటే దాదాపు ఫంగసే. అతుక్కున్న పొరలు వేగంగా లాగితే టేపు తెగుతుంది. పైగా ఆ పొడి వీసీఆర్ లోపల తిరిగే డ్రమ్ముకీ, టేపుని నడిపించే గైడ్లకీ పట్టి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కి కూడా ఎక్కుతుంది.

ముందు వాటిని విడిగా, గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో కొన్ని రోజులు ఉంచండి. తడి ఫంగస్‌ని తుడిస్తే పులుముకుంటుంది, ఎండితే పొడిలా వచ్చేస్తుంది. తుడిచే పని ఆరుబయట, ఎన్95 మాస్కుతో చేయండి.

క్యాసెట్ అడుగున 5 స్క్రూలుంటాయి. అవి తీశాక పైమూత పైకి వచ్చేలా తిప్పి, నెమ్మదిగా ఎత్తండి. రీళ్లు కదపకముందే టేపు దారి ఫొటో తీసుకోండి. రీళ్లను పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు ఎగిరిపోతే మళ్లీ అమర్చడం కష్టం. చుట్టల అంచుల్ని నూగు రాలని పొడిబట్టతో తుడిచి, రీళ్లను శుభ్రమైన మరో ఖాళీ క్యాసెట్ పెట్టెలోకి మార్చండి. తర్వాత టేపుని మడతబట్ట మధ్యగా నెమ్మదిగా లాగుతూ చుట్టాలి. బట్ట మడత తరచూ మార్చాలి, లేకపోతే తుడిచిందే మళ్లీ అంటుతుంది. ఇలా చుట్టడానికి మీరు మామూలుగా వాడే వీసీఆర్ కాకుండా, పోయినా ఫర్వాలేదనుకునే వీసీఆర్ ఒకటి విడిగా పెట్టుకోండి.

మరో జవాబు:
పై మాటలకు తోడు హెడ్డు (డ్రమ్ము మీద ఉండి, టేపులోని బొమ్మని చదివే భాగం) సంగతి. బొమ్మ అంతా చుక్కలైపోయి ధ్వని మాత్రం బాగుంటే హెడ్డు మూసుకుపోయినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (99 శాతం) అద్దిన షమ్మీ తోలు పుల్లని డ్రమ్ముకి ఆనించి కదపకుండా పట్టుకుని, డ్రమ్ముని చేత్తో తిప్పండి. పుల్లని పైకీ కిందకీ రుద్దితే హెడ్డుకుండే సున్నితమైన ఫెరైట్ కొన విరుగుతుంది. దూది పుల్లలు వద్దు, పోగులు చిక్కుకుంటాయి. పూర్తిగా ఆరాకే స్విచ్ వేయండి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగింది, హెడ్డు పోతే మరొకటి వెతకడం చాలా కష్టం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఒకటి మధ్యలో తెగి ఉంది. సెల్లోటేపు వేయొచ్చా?

జవాబు:
వద్దండీ, దాని జిగురు కారి హెడ్డుకి పడుతుంది. తెగిన టేపు అతికించడానికే ఉండే స్ప్లైసింగ్ టేపే వాడండి, అదీ వెనకవైపు, అంటే క్యాసెట్ లోపలికి తిరిగి ఉండే వైపు. తెగింది మొదట్లోనే అయితే నలిగిన ముక్క కత్తిరించి, టేపు కొసన పారదర్శకంగా ఉండే లీడర్‌ అనే ముక్కకే కలపండి. లీడర్‌ని మాత్రం తీసేయకండి: దాని గుండా వెలుగు పడితేనే టేపు అయిపోయిందని వీసీఆర్‌కి తెలుస్తుంది.