ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు నెలసరి లెక్క ఎంతవరకు నేర్పవచ్చు?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. కౌమారదశ పాఠం వచ్చినప్పుడు ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం మా బడిలో ఎప్పటి నుంచో ఉన్నదే. 2021లో స్వేచ్ఛ పథకం మొదలైన తర్వాత న్యాప్‌కిన్లు పంచే పని కూడా నాకే అప్పగించారు కాబట్టి పిల్లలు నా దగ్గర పెద్దగా మొహమాటపడరు. అయితే శుభ్రత, రక్తహీనత దగ్గరే మా మాటలు ఆగిపోతున్నాయి. ఈ ఏడాది ప్రతి అమ్మాయీ తన తేదీలు తానే రాసుకొని, వాటిని బట్టి శరీరంలో ఏం జరుగుతున్నదో అర్థం చేసుకునేలా నేర్పాలని ఉంది.

నాకు రెండు చిక్కులు ఎదురయ్యాయి. గైడ్లలో 28 రోజుల చక్రమనీ, 14వ రోజున అండం విడుదలవుతుందనీ ఉంటుంది. పిల్లలు చెప్పే తేదీలు చూస్తే ఒకరికి 24 రోజులు, ఇంకొకరికి 41 రోజులు వస్తున్నాయి, తమకేదో జబ్బు ఉందని వాళ్లు బెంగ పెట్టుకుంటున్నారు. ఇక రెండవది, గర్భం వచ్చే అవకాశమున్న రోజుల గురించి ఈ వయసులో చెప్పాలా వద్దా అన్నది. తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ "అవి తెలిస్తే పిల్లలకు లేనిపోని ధైర్యం వస్తుందమ్మా" అన్నారు. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కానీ పదో తరగతి కాగానే పెళ్లి చేసేస్తున్న ఇళ్లు మా మండలంలో ఇంకా ఉన్నాయి, ఆ పిల్లలకు ఈ సంగతి ఆ తర్వాత చెప్పేవారెవరూ ఉండరు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు

టీచర్ గారూ, తప్పు పిల్లల తేదీల్లో లేదు, గైడు లెక్కలో ఉంది. రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా తీసుకొని తర్వాతి నెలసరికి ముందు రోజు వరకు లెక్కిస్తే, పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల వరకు, రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లలో 21 నుంచి 45 రోజుల వరకు రావడం సహజమే. మెదడు నుంచి అండాశయానికి వెళ్లే హార్మోన్ల సంకేతాలు ఆ వయసులో ఇంకా కుదురుకోవు కాబట్టి చాలా నెలల్లో అండం విడుదల కాకుండానే నెలసరి వచ్చేస్తుంది.

చక్రంలో అండం విడుదలయ్యే వరకు ఉండే మొదటి భాగం మనిషికీ మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో నెలకూ నెలకూ కూడా మారుతుంది. పరీక్షల ఒత్తిడి, జ్వరం, సరిగా తినకపోవడం వంటివి దానిని పొడిగించగలవు. రెండవ భాగం మాత్రం చాలామందిలో రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా నిలకడగా ఉంటుంది. అందుచేత అండం విడుదలైన రోజును తర్వాతి నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలి. 24 రోజుల చక్రంలో అది 10వ రోజు ప్రాంతంలో, 40 రోజుల చక్రంలో 26వ రోజు ప్రాంతంలో పడుతుంది. 1920లలోనే జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అనే వైద్యులు ఎవరికి వారుగా ఈ సంగతి చెప్పారు. నూరేళ్లకు కూడా అది మన గైడ్లకు చేరలేదు. బోర్డు మీద వేర్వేరు పొడవుల్లో మూడు గీతలు గీసి, మూడింటిలోనూ చివరి నుంచి 14 రోజులు వెనక్కి లెక్కించమని పిల్లలనే అడగండి.

ఆ తల్లికి చెప్పవలసిన సమాధానం కూడా ఇందులోనే ఉంది. వెనక్కి లెక్కించాలంటే తర్వాతి నెలసరి తేదీ తెలియాలి, అది వచ్చాక గానీ తెలియదు. విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు గానీ వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు ఉండగలవు కనుక, గర్భధారణకు అవకాశమున్న కాలం సుమారు ఆరు రోజులు. చక్రం 24 రోజులే ఉన్న అమ్మాయికి ఆ రోజులు నెలసరి ఆగీ ఆగకముందే మొదలవుతాయి. గర్భం వచ్చే రోజులను రంగుపూసలతో లెక్కించుకొని జాగ్రత్తపడేందుకు పెళ్లయినవారి కోసం రూపొందించిన పూసల దండ పద్ధతి కూడా 26 నుంచి 32 రోజుల మధ్య క్రమంగా నెలసరి వచ్చేవారికి మాత్రమే పనికొస్తుంది. వారిలోనూ నియమం తప్పకుండా పాటించినా ఏడాదిలో నూటికి దాదాపు అయిదుగురు గర్భవతులవుతారు. అటువంటప్పుడు చక్రమే కుదురుకోని పిల్లలకు ఫలానా రోజులు భయం లేనివని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. నెలసరికి ముందు వారం, తర్వాత వారం ఏమీ కాదన్న మాట మీరు చెప్పకపోయినా వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. ఆవిడ భయపడుతున్న ధైర్యం ఆ అరకొర మాట వల్ల వచ్చేదే. మీరు మొత్తం లెక్క చెప్పండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలన్నది కూడా పాఠంలో చేర్చండి. 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా, ఒక్కసారైనా 90 రోజులకు మించి నెలసరి రాకపోయినా, ఏడు రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, నొప్పి వల్ల ప్రతి నెలా బడి మానవలసి వస్తున్నా చూపించుకోవాలి. అలాగని క్రమం తప్పిన ప్రతి పిల్లకూ స్కానింగ్ చేయించి అండాశయాల్లో నీటితిత్తులున్నాయని (పీసీఓఎస్ అని) ముద్ర వేయించుకోవద్దు. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు పీసీఓఎస్‌ను స్కానింగ్‌ను బట్టి నిర్ధారించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

జవాబు: విశ్రాంత ఏఎన్ఎం, పల్నాడు

డాక్టరు గారు చెప్పినదానికి కొన్ని చేరుస్తాను. తేదీ ఒక్కటే రాస్తే చాలదు. మొదలైన రోజు, ఆగిన రోజు, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారో, నొప్పి ఎంత ఉందో రాయించండి. తెల్లబట్ట సంగతి కూడా రాయాలి. రెండు నెలసరుల నడుమ కొన్ని రోజులు అది కోడిగుడ్డు తెల్లసొనలాగా తేటగా, సాగేట్టు ఉంటుంది, అండం విడుదలయ్యే సమయం దగ్గరపడిందని అది తెలుపుతుంది. తెల్లబట్ట అయితే ఒంట్లో సత్తువ పోతుందని మన ఊళ్లలో బలమైన నమ్మకం ఉంది కాబట్టి, దీనిని జబ్బు అనుకొని నాటుమందులు మింగే పిల్లలను నేను చాలామందిని చూశాను. దుర్వాసన, దురద, రంగు మారడం ఉంటేనే వైద్యం కావాలని విడమరిచి చెప్పండి.

పెళ్లిళ్లకు, వ్రతాలకు, తిరుమల ప్రయాణాలకు నెలసరి అడ్డు రాకూడదని మందుల షాపులో అడిగి తెచ్చి పిల్లలకు కూడా వాయిదా మాత్రలు వేస్తున్నారు. ఆ మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే రక్తస్రావం చక్రం ప్రకారం వచ్చినది కాదు. వేసుకున్న నెలలో ఆ సంగతి పుస్తకంలో రాయకపోతే లెక్కంతా తప్పుతుంది; డాక్టరును అడగకుండా వేయడమే అసలు పొరపాటు.

మీ పని బడితోనే అయిపోతుందని అనుకోవద్దు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. ముప్పై అయినా దాటకుండా ఆపరేషన్‌కు ఒప్పుకున్నవారిని రక్తస్రావం ఎప్పటి నుంచి ఎక్కువవుతోంది, ఎన్ని రోజులు అవుతోంది అని అడిగితే చెప్పలేకపోయేవారు. ఏడాది తేదీలు చేతిలో ఉన్న మనిషి డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగగలదు.

జవాబు: ఒక తండ్రి, హైదరాబాద్

మా అమ్మాయి ఫోనులో యాప్ పెట్టుకుంది. సౌకర్యమే, కాదనను. కానీ వాడుకదారుల వివరాలను ఇతర సంస్థలకు చేరవేసిందన్న ఆరోపణపై ఫ్లో అనే ప్రసిద్ధ నెలసరి యాప్ 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ ఒప్పందానికి రావలసి వచ్చింది. పైగా యాప్ చూపించే అండం విడుదల రోజు పాత తేదీల సగటు మీద వేసిన అంచనా మాత్రమే. పిల్లలు దానిని ఖాయం అనుకుంటారు. ముందు చేత్తో లెక్క వేయడం నేర్పి, తర్వాత యాప్ సంగతి చూడమని నా మనవి. మగపిల్లలకు కూడా విడిగానైనా ఈ పాఠం చెప్పించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలు రాసిన పుస్తకాలను నేను చూడవచ్చా? ప్రాజెక్టు పనిగా మార్కులు ఇస్తే శ్రద్ధగా రాస్తారని ఒక సహోపాధ్యాయిని అంటున్నారు.

జవాబు: స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు

దయచేసి వద్దు. మార్కులు పెడితే అందరి పుస్తకాల్లోనూ 28 రోజులే వస్తాయి. తరగతిలో మీరు కల్పించి ఇచ్చిన తేదీలతో లెక్కలు చేయించండి, వాటికి మార్కులు వేయండి. సొంత తేదీలున్న పుస్తకం అమ్మాయి దగ్గరే ఉండాలి. తనకు అనుమానం వచ్చి తానుగా చూపిస్తేనే మీరు చూడాలి.